కొత్త పౌరసేవల యాప్‌కి సలహాలు అడిగారు, ఏం రాయమంటారు?

వీధిదీపం
మా నగరపాలక సంస్థ కొత్త యాప్ చేయించబోతోంది. టెండర్ పిలవకముందే కాలనీ సంఘాలను రాతపూర్వకంగా సలహాలు ఇమ్మన్నారు. మా సంఘం తరఫున రాసే పని నాకు అప్పగించారు. పది రోజుల గడువు.

ముందే అడిగినందుకు సంతోషించాలి. కానీ నాకు కోపం తగ్గడం లేదు. ఇలాంటి యాప్‌లు ఇప్పటికే నా ఫోన్‌లో నాలుగున్నాయి. పన్నుకి ఒకటి, నీటి బిల్లుకి ఒకటి, చెత్తకి ఒకటి, ఫిర్యాదులకి ఒకటి. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్. పోయిన ఏడాది మా వీధి చివర మురుగు కాలువ మూత విరిగితే ఫిర్యాదుల యాప్‌లో ఫొటో పెట్టాను. మూడో రోజు ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. వెళ్లి చూస్తే మూత విరిగినట్టే ఉంది. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే మెసేజ్. ఇలా నాలుగుసార్లు. చివరికి ఒక పిల్లాడి కాలు అందులో దిగబడి బెణికాక వచ్చి మూత మార్చారు.

ఇప్పుడు ఐదోది అసలు వద్దని రాయనా? ఉన్న నాలుగూ కలిపి ఒకటి చేయమని రాయనా? ఇలాంటి పనులు దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి.

సందుచివర
నాలుగూ కలిపి ఒకటి చేయమనండి. అంతకంటే ఏం కావాలి?

కోడ్‌గూడు
సందుచివర గారూ, పైనుంచి చూస్తే అంతే అనిపిస్తుంది. ఇలాంటి యాప్‌లు చేసే ఒక కంపెనీలో మూడేళ్లు పనిచేశాను. ఒక నగరానికి సరిగ్గా ఈ ‘అన్నీ ఒకేచోట’ పనే చేశాం.

పన్ను విభాగం మిమ్మల్ని ఇంటి నంబరుతో గుర్తుపడుతుంది. నీటి విభాగానికి కనెక్షన్ నంబరు కావాలి. ఫిర్యాదుల విభాగానికి మీ ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ తెలియదు. ఈ మూడూ ఒకే ఇంటివని చెప్పే పట్టిక ఎక్కడా లేదు. దాన్ని తయారు చేయాలంటే విభాగాలన్నీ కూర్చుని రికార్డులు సరిచూసుకోవాలి. ఇల్లు అమ్ముడుపోయి కనెక్షన్ పాత యజమాని పేరునే ఉన్నవి, ఒక ఇల్లు రెండు వాటాలైనవి, అన్నీ విప్పాలి. నెలల తరబడి పని. మా టెండర్‌లో దాని గురించి ఒక్క వాక్యం లేదు. ‘ఆకర్షణీయమైన హోమ్ స్క్రీన్’ గురించి మాత్రం రెండు పేజీలు ఉంది.

చివరికి ఏం ఇచ్చాం? కొత్త యాప్‌లో నాలుగు బొమ్మలు పెట్టాం. ఒక్కోటి నొక్కితే ఒక్కో పాత పేజీ తెరుచుకుంటుంది, లాగిన్ మళ్లీ అడుగుతుంది. ప్రారంభోత్సవం మాత్రం బాగా జరిగింది. ఆ పని ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

కలపమని రాయండి, కాని ‘ముందు రికార్డులు కలపండి, ఆ పనికి వేరే గడువూ వేరే డబ్బూ పెట్టండి’ అని రాయండి.

నిదానం
వీధిదీపం గారి కాలువ మూత సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను ఒక పురపాలక సంస్థలో ఇంజినీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పని కాకుండానే ‘పరిష్కరించబడింది’ అని ఎలా వస్తుందో బయటివాళ్లకి తెలియదు.

ఫిర్యాదు రాగానే గడియారం మొదలవుతుంది. మా దగ్గర 72 గంటలు. అది దాటితే పై అధికారి స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తుంది. సోమవారం సమీక్షలో ఆ ఎర్ర గళ్లు ఎవరివో పేరు పెట్టి అడుగుతారు. ఇప్పుడు కాలువ మూత తీసుకోండి. ఫిర్యాదు పారిశుద్ధ్య విభాగానికి వెళ్తుంది, ఎందుకంటే యాప్‌లో ‘కాలువ’ అని ఉన్న వర్గం వాళ్లదొక్కటే. వాళ్లు పూడిక తీస్తారు, మూత వేసే అధికారం వాళ్లకి లేదు. మూత కొనాలంటే ఇంజినీరింగ్ విభాగం అంచనా వేయాలి, మంజూరు కావాలి, కాంట్రాక్టర్‌కి వర్క్ ఆర్డర్ ఇవ్వాలి. మూడు వారాలు తక్కువలో తక్కువ. వార్డు సిబ్బంది ఫోన్‌లో ఉన్నవి రెండే బటన్లు: ‘పెండింగ్’, ‘పూర్తయింది’. ‘ఇది మా విభాగానిది కాదు, ఫలానా వాళ్లకి పంపుతున్నాను’ అనే బటన్ లేదు. ‘మూతకి ఆర్డర్ ఇచ్చాం, ఫలానా తేదీకి వస్తుంది’ అని రాసే చోటు లేదు. అతను ఏం నొక్కుతాడు?

అబద్ధం చెప్పాలని అతనికి సరదా కాదు. నిజం చెప్పడానికి అతని చేతిలో బటన్ లేదు.

రాత్రిబండి
నిదానం గారూ, క్షమించాలి, ఒప్పుకోను. బటన్ లేకపోతే ఫోన్ చేసి చెప్పొచ్చు కదా? పిల్లాడి కాలు బెణికింది అక్కడ. తప్పుడు మెసేజ్ పంపినవాడిని యాప్ డిజైన్ పేరు చెప్పి వదిలేస్తే రేపు ఎవరూ దేనికీ జవాబుదారీ కారు.

నిదానం
రాత్రిబండీ, నీ కోపం న్యాయమే. మూత విరిగిన చోట ఒక డ్రమ్ము అడ్డం పెట్టి ఎర్ర గుడ్డ కట్టడానికి ఏ మంజూరూ అక్కర్లేదు, అది చేయకపోవడం తప్పే. కాని రోజుకి యాభై, అరవై ఫిర్యాదులు వచ్చే వార్డులో ఇద్దరు మనుషులుంటారు. వాళ్లని తిడితే ఆ ఇద్దరూ మారతారు, తర్వాత వచ్చేవాళ్లూ అదే బటన్ నొక్కుతారు. నలభై ఏళ్లలో నేను చూసింది ఇదే.

అక్షరం
ఇద్దరి మాటలకీ పనికొచ్చే ఉదాహరణ ఒకటుంది. బ్రిటన్‌లో మైసొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 2007లో ఫిక్స్‌మైస్ట్రీట్ మొదలుపెట్టింది. మ్యాప్ మీద చోటు చూపించి సమస్య రాస్తే, అది ఏ కౌన్సిల్ కిందికి వస్తుందో వాళ్లకి వెళ్తుంది. రోడ్డు ఎవరిది, కాలువ ఎవరిది అని ఫిర్యాదుదారు తెలుసుకోవాల్సిన పని లేదు. నాకు అందులో బాగా నచ్చింది వేరే. నాలుగు వారాల తర్వాత ఫిర్యాదు పెట్టిన మనిషికే ‘బాగయిందా?’ అని ఈమెయిల్ వెళ్తుంది. అంటే ఆఖరి మాట పని చేసినవాళ్ల దగ్గరే ఆగిపోదు.

వీధిదీపం గారూ, మీ లేఖలో మొదటి వాక్యం ఇదే కావాలని నా కోరిక: ఫిర్యాదుని మూసేది ఎవరు?

వీధిదీపం
నిదానం గారి పోస్టు మూడుసార్లు చదివాను. ఇన్నాళ్లూ ఆ మెసేజ్ పంపినవాడు మనల్ని మోసం చేస్తున్నాడనే అనుకున్నాను. అక్షరం గారి ప్రశ్న రాసిపెట్టుకున్నాను.

పాతఫోన్
ఎవరూ అడగట్లేదు కాబట్టి నేను అడుగుతాను. అసలు యాప్ ఎందుకు? నా ఫోన్‌లో ఖాళీ ఉండదు. పన్ను ఏడాదికి ఒకటి రెండుసార్లు కడతాను, దానికోసం యాప్ దింపాలి, రెండు యాప్‌లు తీసేసి చోటు చేయాలి, కట్టాక మళ్లీ తీసేయాలి. మామూలు వెబ్‌సైట్ ఫోన్‌లో సరిగ్గా తెరుచుకుంటే చాలదా?

కోడ్‌గూడు
చాలా వరకు చాలు. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2013లోనే ఈ మాట బాహాటంగా చెప్పింది. ముందు ఏ ఫోన్‌లోనైనా పనిచేసే వెబ్‌సైట్ చేయండి, యాప్‌ని మామూలు మార్గంగా ఎంచుకోకండి అన్నది అప్పట్లో వాళ్ల వైఖరి. ఫొటో తీసి పంపడం, ఉన్నచోటు పట్టుకోవడం ఇప్పుడు బ్రౌజర్ కూడా చేస్తుంది.

యాప్ నిజంగా కావాల్సింది సిబ్బందికి. రోజంతా అదే పని, నెట్ లేనిచోట కూడా నమోదు చేసుకుని తర్వాత పంపాలి. మేం మాత్రం జనం వాడేదాన్ని మెరుగులు దిద్ది, సిబ్బంది వాడేదాన్ని చివరి రెండు వారాల్లో చుట్టబెట్టాం. నిదానం గారు చెప్పిన రెండు బటన్లు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు బాగా తెలుసు.

సందుచివర
యాప్ ఒకసారి చేస్తే అయిపోతుంది కదా, దానికి ఇంత ఆలోచన ఎందుకు అనుకునేవాణ్ని. ఇది చదువుతుంటే భయమేస్తోంది.

కోడ్‌గూడు
ఒకసారి చేస్తే అయిపోదండీ. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు ఏటా వస్తాయి. యాప్‌ని దానికి తగ్గట్టు మార్చకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే, కొత్త ఫోన్ కొన్నవాళ్లకి ప్లేస్టోర్‌లో అది కనిపించడమే మానేస్తుంది. భద్రతా లోపాలు బయటపడతాయి, మ్యాప్ సేవల షరతులు మారతాయి, ఎస్ఎంఎస్ పంపే సంస్థ మారుతుంది. ఇదంతా చేయడానికి ఎవరో ఒకరికి జీతం ఉండాలి. కాంట్రాక్టు అయ్యాక సోర్స్ కోడ్, సర్వర్ తాళాలు, ప్లేస్టోర్ ఖాతా కంపెనీ పేరునే ఉండిపోతే నగరం చేతిలో ఏమీ మిగలదు. ప్లేస్టోర్ ఖాతా మొదటి రోజు నుంచే నగరపాలక సంస్థ పేరున ఉండాలి. ఇది తప్పకుండా రాయండి. ఖాతా చేతిలో లేక పాత యాప్‌ని వదిలేసి కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టిన చోటు నేను కళ్లారా చూశాను. జనమంతా మళ్లీ కొత్తగా దింపుకోవాల్సి వచ్చింది.

చెరువుగట్టు
నగరమే అన్నీ చేయాలని ఎందుకు? సమాచారం బయటపెడితే చాలు, యాప్‌లు చేసేవాళ్లు చేస్తారు. లండన్ రవాణా సంస్థ బస్సులూ రైళ్లూ ఎప్పుడొస్తాయో ఆ సమాచారం అందరికీ తెరిచి పెట్టింది. బయటివాళ్లు రకరకాల యాప్‌లు చేశారు. ప్రయాణాలకి వాళ్ల సొంత టీఎఫ్ఎల్ గో యాప్ 2020లో గాని రాలేదు. అమెరికాలో పోర్ట్‌లండ్ రవాణా సంస్థ ట్రైమెట్ 2005లో గూగుల్‌తో కలిసి బస్సుల టైమ్ టేబుల్ రాసే ఒక పద్ధతి మొదలుపెట్టింది. జీటీఎఫ్ఎస్ అంటారు. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో నగరాల బస్సులు మ్యాప్‌లలో కనిపించేది ఆ పద్ధతి వల్లే. ఒక సాదా ఫైలు నగరాలకి వంద యాప్‌ల పని చేసిపెట్టింది.

లెక్కలమాస్టారు
బస్సుల విషయంలో చెరువుగట్టు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. బస్సు టైము తెలిస్తే చాలు, బయటివాళ్లు మిగతాది చేసుకుంటారు. ఫిర్యాదుకి అలా కుదరదు, తిరిగి నగరం లోపలికే రావాలి.

బయటివాళ్ల మీద పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో కూడా చూశాం. 2008లో వాషింగ్టన్ నగరం తన సమాచారాన్ని తెరిచి ఒక పోటీ పెట్టింది, యాప్స్ ఫర్ డెమోక్రసీ అని. ఖర్చు 50,000 డాలర్లు, 30 రోజుల్లో 47 యాప్‌లు వచ్చాయి. ప్రపంచమంతా మెచ్చుకుంది, చాలా నగరాలు అదే దారి పట్టాయి. కాని బహుమతి తీసుకున్నాక వాటిని ఏళ్ల తరబడి నడిపేది ఎవరు? అలా పుట్టినవాటిలో చాలావరకు కొన్నాళ్లకే మూలపడ్డాయి. కోడ్‌గూడు చెప్పిన జీతం సంగతే ఇక్కడా.

చెరువుగట్టు
ఒప్పుకుంటాను మాస్టారూ. అయితే ఫిర్యాదులకీ ఒక ఉమ్మడి పద్ధతి ఉంది, ఓపెన్311 అని. ఏ యాప్ నుంచి పంపినా నగరం సర్వర్‌కి ఒకే రూపంలో చేరుతుంది. ఆ తలుపు ఒకటి ఉంచమనండి. అప్పుడు నగరం యాప్ నచ్చనివాళ్లు వేరే దారిలో పంపుకోవచ్చు.

లెక్కలమాస్టారు
అది మంచి మాట.

ఇంకొకటి. యాప్‌లో వచ్చిన ఫిర్యాదులు చూసి ఏ వీధికి ముందు డబ్బు ఖర్చుపెట్టాలో తేల్చడం మొదలుపెడతారు. చాలా జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. బోస్టన్ నగరం 2012లో స్ట్రీట్ బంప్ అనే యాప్ తెచ్చింది. కారులో ఫోన్ పెట్టుకుని వెళ్తే చాలు, కుదుపుని బట్టి గుంత ఎక్కడుందో అదే పట్టేస్తుంది. ఎంత తెలివైన ఆలోచనో చూడండి. కాని స్మార్ట్‌ఫోనూ కారూ ఉన్నవాళ్లు తిరిగే వీధుల గుంతలే ఎక్కువగా నమోదవుతాయి. ముసలివాళ్లూ పేదవాళ్లూ ఉండే వీధిలో ఫోన్లు తక్కువ కాబట్టి గుంతలు లేనట్టు కనిపిస్తుంది. నగరం ఆ ప్రమాదాన్ని గుర్తించి, ముందు తన సొంత సిబ్బంది బండ్లలో ఆ ఫోన్లు పెట్టి తిప్పింది. పైగా ఆ కుదుపుల్లో చాలావాటికి కారణం గుంతలు కావు, రోడ్డు మట్టానికి సరిగ్గా కుదరని మ్యాన్‌హోల్ మూతలు అని తేలింది. ఇంట్లో కూర్చుని ఆ సంగతి ఎవరూ ఊహించలేదు.

ఫిర్యాదు రాని వీధి బాగుందని అర్థం కాదు. లేఖలో ఈ మాట ఉండాలి.

వీధిదీపం
మా ఊళ్లోనూ మూతే, బోస్టన్‌లోనూ మూతే!

రాత్రిబండి
మా వీధిలో ఒకే గుంతకి పదిహేడుమంది వేరువేరుగా ఫిర్యాదు పెట్టారు. ఆ గుంతకి ఈపాటికి అభిమాన సంఘం ఉండాలి 😀 పదిహేడింటికీ పదిహేడు నంబర్లు ఇచ్చారు. ఒకటి మూస్తే మిగతా పదహారు తెరిచే ఉన్నాయి.

కోడ్‌గూడు
ఫోన్ చూపించే చోటు ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది, ఎత్తయిన భవనాల మధ్య ఇంకా తేడా వస్తుంది. అందుకే రెండూ ఒకే గుంతో కాదో యంత్రం దానంతటదే తేల్చలేదు. ఫిర్యాదు పెట్టేటప్పుడే ‘ఈ చుట్టుపక్కల ఇప్పటికే ఇవి నమోదయ్యాయి, మీదీ ఇదేనా?’ అని మ్యాప్ మీద చూపించాలి. అవునంటే అదే నంబరుకి మీ పేరూ చేరాలి. చిన్న పనే, కాని టెండర్‌లో రాయకపోతే ఎవరూ చేయరు.

తొలిమెట్టు
మా నాన్నగారికి చూపు బాగా తగ్గింది. ఫోన్ చదివి వినిపిస్తుంటే అన్నీ చేసుకుంటారు, బ్యాంకు పని కూడా. నగరం యాప్ తెరిస్తే మాత్రం ‘బటన్, బటన్, బటన్, బొమ్మ’ అని వినిపిస్తుంది. ప్రతి బటన్‌కీ లోపల ఒక పేరు రాయాలి, అది రాయలేదు అంతే. నీటి బిల్లు కట్టడానికి ఆయన నా కోసం సాయంత్రం దాకా ఎదురుచూస్తారు. జీవితమంతా తన పని తాను చేసుకున్న మనిషి.

వెబ్‌సైట్లకీ యాప్‌లకీ అంతర్జాతీయ ప్రమాణం ఉంది, డబ్ల్యూసీఏజీ. మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలని అందులో ఉంది. లేత బూడిద రంగు మీద తెల్ల అక్షరాలు అందంగా ఉంటాయేమో, మా నాన్నగారికే కాదు, ఎండలో నిలబడ్డ ఎవరికీ కనిపించవు. ‘డబ్ల్యూసీఏజీ ప్రకారం పరీక్షించాకే చివరి బిల్లు చెల్లించాలి’ అని రాయండి. దయచేసి మర్చిపోకండి.

నిదానం
తొలిమెట్టూ, నాన్నగారి మాట తప్పకుండా పెట్టాలమ్మా. ఫోన్ నంబరు కూడా ఉంచమనండి. అమెరికాలో 1996లోనే బాల్టిమోర్ నగరం 311 అనే నంబరు పెట్టింది, అత్యవసరం కాని పనులకి. యాప్ వచ్చిందని ఫోన్ ఎత్తే మనుషుల్ని తీసేస్తే, యాప్ వాడలేనివాళ్లకి దారి మూసేసినట్టే. యాప్, ఫోన్, ఆఫీసు కిటికీ మూడింటి ఫిర్యాదులూ ఒకే వరుసలో చేరాలి.

మౌనం
చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా పక్కన అనుమతి లేకుండా కడుతున్న కట్టడం గురించి యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. అదే సాయంత్రం కట్టేవాళ్ల నుంచి నాకు ఫోన్ వచ్చింది. నా పేరూ నంబరూ చెప్పి మాట్లాడారు. ఆ తర్వాత రెండు నెలలు చీకటి పడ్డాక బయటికి వెళ్లలేదు. మళ్లీ దేని మీదా ఫిర్యాదు పెట్టలేదు.

వీధిదీపం
మౌనం గారూ, ఇది చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. రాసినందుకు ధన్యవాదాలు. లేఖలో ఇది మూడో అంశం.

కోడ్‌గూడు
ఇది డిజైన్ దగ్గరే ఆపగలిగేది. క్షేత్రానికి వెళ్లేవాడికి చోటూ ఫొటోనే కావాలి, ఫిర్యాదుదారు పేరు అక్కర్లేదు. మాట్లాడాలంటే యాప్ లోపలి నుంచే, నంబరు కనిపించకుండా మాట్లాడొచ్చు. పేరు చూసే అధికారం ఎవరికుందో, ఎవరు ఎప్పుడు తెరిచి చూశారో నమోదు కావాలి. ఇంకా, ఫిర్యాదుల యాప్ మీ ఫోన్‌లో కాంటాక్టులు చూడటానికి అనుమతి అడిగితే, ఎందుకని నిలదీయండి.

వీధిదీపం
ఇప్పటికి రాసింది ఇది. చూసి దిద్దండి.

మొదటిది, ఫిర్యాదుదారు ఒప్పుకున్నాకే లేదా నిర్ణీత గడువులో అతను జవాబివ్వకపోతేనే ఫిర్యాదు మూయాలి. రెండు, సిబ్బంది యాప్‌లో ‘వేరే విభాగానికి పంపాను’, ‘మంజూరు కోసం ఆగింది, అంచనా తేదీ ఇది’ అనే స్థితులు ఉండాలి. అవి పౌరుడికీ కనిపించాలి, సమీక్షలో వాటిని సిబ్బంది తప్పు కింద లెక్కించకూడదు. మూడు, ఫిర్యాదుదారు వివరాలు క్షేత్ర సిబ్బందికీ బయటివాళ్లకీ కనిపించకూడదు. నాలుగు, ముందు రికార్డుల అనుసంధానం, తర్వాతే ఉమ్మడి యాప్. అప్పటిదాకా ఫోన్‌లో సరిగ్గా తెరుచుకునే వెబ్‌సైట్. ఐదు, కోడూ ఖాతాలూ నగరం పేరున, ఐదేళ్ల నిర్వహణ ఖర్చు టెండర్‌లోనే. ఆరు, తొలిమెట్టు గారి ప్రమాణం, చివరి బిల్లుతో ముడిపెట్టి.

రాత్రిబండి
మొదటిదానికి జై. గడువు ఎన్ని రోజులో అంకె వేయండి, లేకపోతే ఒక్కరోజు అని పెట్టేస్తారు.

లెక్కలమాస్టారు
ఫిర్యాదు రాని వీధుల సంగతి కనిపించలేదు. యాప్‌తో సంబంధం లేకుండా వార్డు మొత్తం తిరిగి చూసే పని ఆగకూడదని ఒక వాక్యం చేర్చండి.

నిదానం
బాగుంది. ఒక చిన్న పని చేయండి. పంపేముందు మీ వార్డు ఆఫీసుకి వెళ్లి, ఆ రెండు బటన్లు నొక్కే మనిషికి ఇది చూపించండి.

వీధిదీపం
నిదానం గారూ, ఇవాళ పొద్దున వెళ్లాను. ఇద్దరున్నారు. ఒకాయన నా పేరు వినగానే గుర్తుపట్టారు, కాలువ మూత ఫిర్యాదు అని. నాలుగుసార్లు మూసింది ఆయనే. ‘మూత కోసం నేను కూడా కాగితం పెట్టానండీ, అది ఎక్కడుందో నాకూ కనపడదు’ అన్నారు. కూర్చోబెట్టి టీ ఇప్పించారు. లేఖ మొత్తం చదివారు.

రెండో అంశం దగ్గర ఆగి, ఆయనే ఒకటి చేర్చమన్నారు. పని చేశాక తీసే ఫొటో ఇప్పుడు పై అధికారికి మాత్రమే వెళ్తుందట. అది ఫిర్యాదు పెట్టినవాళ్లకి కూడా వెళ్లాలన్నారు. ‘రాత్రి పదింటికి మురుగులో దిగి తీసిన పూడిక ఎవరూ చూడరు, చెడ్డ మెసేజ్ ఒక్కటే చూస్తారు’ అన్నారు.

అక్షరం
ఆయన చెప్పింది బోస్టన్‌లో పరీక్షించి చూశారు! అక్కడి ఫిర్యాదుల యాప్‌లో, సిబ్బంది చేసిన పని ఫొటో ఫిర్యాదు పెట్టినవాళ్లకి పంపితే ఏమవుతుందని హార్వర్డ్ పరిశోధకులు గమనించారు. ఫొటో అందుకున్నవాళ్లు ఆ తర్వాత ఇంకా ఎక్కువ సమస్యలు తెలియజేశారు. ఆ నగరం సిబ్బందికి విడిగా సిటీ వర్కర్ అనే యాప్ కూడా ఇచ్చింది. ఏడో అంశంగా ఆయన మాటల్లోనే రాయండి.

తొలిమెట్టు
ఆ ఫొటోకి కింద ఒక వాక్యం కూడా రాయమనండి. మా నాన్నగారు వింటారు.

వీధిదీపం
రెండూ చేర్చాను. రాత్రిబండి కోసం ఏడు రోజులు అని అంకె కూడా వేశాను. గడువు ఎల్లుండి.

సందుచివర
పూర్తి లేఖ ఇక్కడ పెట్టండి, ఈ రాత్రికి అక్షరదోషాలు నేను చూస్తాను. మా సంఘం తరఫున కూడా ఇదే పంపుతాం.